ఒకపక్క తెల్లగా ఉన్న కాగితాలు

కాగితంలో చుట్టి ఇచ్చినది ఏదైనా సరే, నేను తినను. బస్సులో పక్కసీటావిడ వేరుశనక్కాయల పొట్లం ముందుకు చాపినా చెయ్యి వెనక్కి లాక్కుంటాను. శుభ్రం పట్టింపు ఎక్కువ అనుకుంటారు చూసినవాళ్లు. మా ఇంట్లోనూ అదే అనుకుంటారు, నేనూ అనుకోనిస్తాను. అసలు సంగతి చెప్పాలంటే ఒక రోత పుట్టించే వ్యవహారమంతా చెప్పుకురావాలి. అందులో తలుచుకుంటే ఒళ్లు మండే మనుషులు కొందరున్నారు. వాళ్ల సంగతి చెప్పడం తేలికే.

అమలాపురం పొలిమేరలో కుష్టు రోగులకి ఒక ఆసుపత్రి ఉండేది. డెబ్భైల చివర్లో నేను అందులో టైపిస్టుగా చేరాను. మా తాతలు కూలికి వెళ్లినవాళ్లు. మా నాన్న బడిపంతులు. మా పేటలో టైపు హయ్యరు పాసైన మొదటి ఆడపిల్లని నేనే. ఉద్యోగం వచ్చిందని చర్చిలో కృతజ్ఞత ప్రార్థన చేయించింది మా అమ్మ. అది ఏ ఆసుపత్రో తెలిశాక మాత్రం, సాయంత్రం నేను గుమ్మం ఎక్కే లోపే పెరట్లో కాగు నిండా నీళ్లు కాచి పెట్టేది.

"దేవుడి పనేనే, కాదన్లేదు. నీళ్లు పోసుకుని లోపలికొత్తే నీకేటి నష్టం?" అనేది.

నాకు చిరాకొచ్చేది. చదువులేని మనిషి, ఏం తెలుసు అనుకునేదాన్ని. ఎందుకంటే మందు మొదలెట్టిన కొద్ది రోజులకే ఆ రోగం ఇంకొకరికి అంటుకునే గుణం పోతుందని మా డాక్టరు గారు చెప్పేవారు. "మందు వాడుతున్నవారిని తాకితే రోగం రాదు. వారితో కలిసి తినవచ్చు" అని నోటీసు రాసిస్తే నేనే టైపు కొట్టి వరండాలో ప్రతి స్తంభానికీ అంటించేదాన్ని. వానకి తడిసి ఊడిపోతే మళ్లీ కొట్టేదాన్ని. ఎన్నిసార్లు కొట్టానో లెక్కలేదు.

ఎనభైల చివర్లో విదేశీ దాతలెవరో మా ఆసుపత్రికి కంప్యూటరు పంపించారు. అప్పటిదాకా రోగుల పేర్లు కార్డుల మీద ఉండేవి. కార్డులు బీరువాలో, బీరువా తాళం హెడ్ గుమాస్తా గారి మొలతాడుకి. ఆ పేర్లన్నీ ఇక మిషన్‌లోకి ఎక్కించాలి. డాక్టరు గారు నన్ను హైదరాబాదు పంపి పదిరోజులు శిక్షణ ఇప్పించారు.

అక్కడ నేర్పినాయన వయసులో చిన్నవాడే గాని మహా మొరటు. పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు మమ్మల్ని గోడవైపు తిరగమనేవాడు. మావైపు మనిషైతే పీక మీద కత్తి పెట్టినా అంతమందిని అలా అవమానించడు. "ఎవరికీ చెప్పొద్దు. తోడబుట్టినవాళ్లకీ చెప్పొద్దు. అడిగినవాళ్లు ఎంత పెద్దవాళ్లయినా సరే, లేదనండి" అనేవాడు. గదికి తాళం వెయ్యమన్నాడు. లేచి పక్కకి వెళ్లేటప్పుడు తెరమీద ఏమీ కనపడకుండా చెయ్యమన్నాడు. ఫ్లాపీలు రెండేసి చేసి, రెండోది వేరే చోట దాచమన్నాడు. అన్నీ నోటుబుక్కులో ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుకున్నాను. ఆఖరి రోజున ఇంకొకటి చెప్పాడు. అక్కర్లేని ప్రింటు కాగితాలు ముక్కముక్కలుగా చించి కాల్చెయ్యాలట.

అది మాత్రం రాసుకోలేదు. మనసులో నవ్వుకున్నాను కూడా. ఒకపక్క తెల్లగా ఉన్న కాగితాన్ని ఎవరైనా కాలుస్తారా? మా ఇంట్లో నెల అయిపోయిన కేలండరు కాగితం పుస్తకాలకి అట్టగా వెళ్లేది. శుభలేఖ వెనక చాకలికి వేసిన బట్టలు రాసేవాళ్లం. నేను టైపు నేర్చుకున్నదే ఎవరో కొట్టి పారేసిన కాగితాల వెనకవైపు. కాగితాన్ని కాలితో తాకితే కళ్లకద్దుకోమని పెంచారు మమ్మల్ని. డబ్బున్న ఊళ్ల మాటలు అనుకుని ఊరుకున్నాను.

తిరిగొచ్చేసరికి కంప్యూటరుకి గది సిద్ధం చేశారు. ఏసీ పెట్టారు. ఆసుపత్రి మొత్తానికి అదొక్కటే ఏసీ. పాస్టరు గారు ప్రార్థన చేసి వెళ్లగానే మా అటెండరు మిషన్‌కి పసుపు రాసి బొట్టు పెట్టాడు. చెప్పులు గుమ్మం బయట విడవాలని రూలు పెట్టారు. రెండు రోజులు తిరక్కుండానే గుమ్మం బయట చెప్పులు కుప్పలు పడ్డాయి. ఎండాకాలం కదా, పని ఉన్నవాడూ లేనివాడూ లోపలికొచ్చి చల్లగా కూర్చునేవాడు. హెడ్ గుమాస్తా గారైతే మధ్యాహ్నం క్యారేజీ ఇక్కడే విప్పేవారు. ఆవకాయ వాసన మధ్య కూర్చుని నేను రోగుల పేర్లు ఎక్కించాలి.

మూడో రోజున ఆయన కదిపారు.

"మీరు సెలవు పెడితే ఎలాగండి? ఆ మాటేదో ఓ చీటీ మీద రాసిచ్చెయ్యండి, నా దగ్గరుంటాది."

"చెప్పకూడదండి."

"నాకా అండి?"

"ఎవరికీ చెప్పకూడదండి."

మావైపు లేదు అనడం ఉండదు. ఇష్టం లేకపోతే "ఆయ్, దాందేవుందండి, చూద్దావండి" అని అంటాం. అడిగినవాడికి అర్థమై తనే వెళ్లిపోతాడు. నేను మొహం మీద లేదన్నాను. ఆయన మొహం మాడిపోయింది. వెళ్లి వరండాలో అందరికీ వినపడేలా, "పాతికేళ్లు బీరువా తాళాలు మొలకి కట్టుకుని తిరిగేనండి. ఇయ్యాళ దొంగనైపోయేను" అన్నారు. ఆ రోజు నుంచి ఆసుపత్రిలో నాకు పొగరుబోతు అని పేరు పడింది. నిజం చెప్పాలంటే ఆ పేరు నాకు నచ్చింది.

ఇక చూడ్డానికి వచ్చేవాళ్లు. కంప్యూటరు చూస్తామని రాజోలు నుంచి, కొత్తపేట నుంచి పెద్దమనుషులు వచ్చేవారు. తెల్లబట్టలు, మెడలో కండువా, నోట్లో వక్కపొడి. రెండు నిమిషాలు మిషన్ని మెచ్చుకుని అసలు మాటకొచ్చేవారు.

"మా ఊరి పేరు కొట్టండి ఓపాలి. ఎవరెవరికుందో చూద్దాం."

ఒకాయన, "మా దింపు తీసేవాడికేవైనా ఉందేమో చూడండి, బొండాలన్నీ వాడిచేతే దింపిత్తన్నాం" అన్నాడు. ఆ అడగడంలో భయం ఉంటే క్షమించేదాన్ని. భయం కాదు, చవులూరడం. పక్కింటి పెరట్లోకి తొంగిచూడ్డానికి ఎత్తుపీట దొరికినట్టు ముందుకు వంగేవారు. "కుదరదండి" అని తెర ఆర్పేసేదాన్ని. డాక్టరు గారికి ఫిర్యాదులు వెళ్లాయి. ఆయన నా పక్షమే మాట్లాడారు. రెండో ఫ్లాపీ గుడ్డలో చుట్టి ఇంటికి తీసుకెళ్లి, నా ట్రంకుపెట్టెలో చీరల మడతల్లో దాచేదాన్ని.

ఇంత జాగ్రత్త ఎవరికోసమని అడిగితే అప్పట్లో ఒకావిడని చూపించేదాన్ని. దిండి రేవులో పాక హోటలు నడిపే మనిషి. నలభై దాటి ఉంటాయి. భర్త పోయాడు, ముసలి అత్తగారిని ఈవిడే చూసుకోవాలి. గోదారి దాటించే పంటు వచ్చేదాకా రేవులో నిలబడే జనానికి పునుగులు వేసి పెడుతుంది. వీపు మీద స్పర్శ లేని మచ్చలొచ్చి మా దగ్గరికి వచ్చింది. నెలకోసారి అమలాపురంలో మినపప్పు కొనడానికని చెప్పి వచ్చి, వెనకగేటు నుంచి ఆసుపత్రిలోకి వచ్చేది. అత్తగారికి కూడా తెలియదు. మందుబిళ్లల వల్ల ఒళ్లు నల్లబడుతుంది. "పొయ్యి దగ్గర మాడిపోతన్నాననుకుంటన్నారండి మా రేవులో" అని నవ్వేది.

మొదటిసారి కంప్యూటరు చూసినప్పుడు నవ్వలేదు.

"ఆ టీవీలో నా పేరుందాండి అమ్మగారూ?"

"ఉందమ్మా. కాని నేను తీస్తే తప్ప ఎవరికీ కనపడదు."

"పెద్దగుమాత్తా గారికి కూడానా?"

"డాక్టరు గారికి కూడా నేనే తీసి చూపించాలి."

ఆవిడ మిషన్‌కేసి కాసేపు చూసింది. "నా పేరు బయటికొత్తే నా పొయ్యి ఆరిపోద్దండి. రోగవున్న దాని చేతి కూడు ఎవరు తింటారండి? తవరి మీదే భారం" అంది. నేను తల ఊపాను. ఆ క్షణంలో నా అంత గొప్పది లేదనుకున్నాను.

అప్పటినుంచి వచ్చినప్పుడల్లా నాకు పునుగులు తెచ్చేది. అరటాకులో చుట్టి, దారంతో కట్టి, కొంగులో పెట్టుకుని తెచ్చేది. నేను రెండు చేతులా అందుకుని "ఎందుకమ్మా మీకు శ్రమ" అనేదాన్ని. ఆవిడ గేటు దాటాక అటెండరు గుమ్మంలో నిలబడేవాడు.

"ఎప్పట్లాగేనా అండి?"

"ఆయ్."

పొట్లం తీసుకెళ్లి వెనక గోడవతలికి విసిరేసేవాడు. కాకులు వాలేవి. నేను సబ్బుతో మోచేతులదాకా కడుక్కుని వచ్చి, నేను టైపు కొట్టిన నోటీసు కిందే కూర్చునేదాన్ని. మా అమ్మ కాచిన నీళ్లకి విసుక్కున్న నోరే నాది. అప్పుడు ఆ రెండూ ఒకటేనని తట్టలేదు. తట్టినా ఒప్పుకునేదాన్ని కాదు.

నెలనెలా రోగుల జాబితా ప్రింటు తీసి పై ఆఫీసుకి పంపాలి. రెండు అంచుల్లోనూ చిల్లులుండి, మడతలు మడతలుగా విచ్చుకునే కాగితం అది. ప్రింటరు కొత్త, నా చెయ్యి కొత్త. కాగితం వంకరగా వెళ్లేది, అచ్చు ఒక వరస మీద ఇంకో వరస పడేది. ఒక్క మంచి జాబితా రావడానికి మూడు నాలుగు పాడయ్యేవి. పాడైనవన్నీ సాపు చేసి మూల పేర్చాను. చూస్తుండగానే మోకాలెత్తు అయింది.

ఒక నెల ఆవిడ ఆ దొంతరకేసి చూసింది.

"అయ్యి పారేత్తారాండి?"

"అక్కర్లేనివే అమ్మా."

"పొట్లాలకి బాగుంటాయండి. అరిటాకు తడారితే చిరిగిపోతంది. ఒకపక్క తెల్లగానే ఉన్నాయి కదండి."

నాకు సంతోషమేసింది. పాపం నెలనెలా ఏదో ఒకటి తెస్తుంది, నేనేమీ ఇవ్వలేదు, కాగితం వృథా పోకుండా ఒక కష్టజీవికి పనికొస్తుంది. ఇలాగే అనుకున్నాను. నేనే దొంతర ఎత్తి, జనపనార తాడుతో కట్టి, ఆవిడ సంచిలో పెట్టాను. పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పని మనిషిని, రెండో ఫ్లాపీ చీరల్లో దాచిన మనిషిని. ఆ కాగితాల్లో పేరు, వయసు, ఊరు, రోగం ఏ రకమో, మందు ఎప్పుడు మొదలెట్టారో అన్నీ ఉన్నాయి. అవి నేనే కొట్టాను. కాని తెరమీద ఉన్నంతసేపే అది రహస్యం, కాగితం మీదకొస్తే అది కాగితం. నా బుర్ర అలా పనిచేసింది. అలా నాలుగు నెలలు కట్టలు కట్టి ఇచ్చాను.

ఆ నాలుగు నెలలూ పునుగులు అరటాకులో రాలేదు. కాగితంలో వచ్చాయి. నూనె పీల్చి మెత్తబడిన పొట్లం. నేను రెండు వేళ్లతో అందుకుని బల్ల చివర పెట్టేదాన్ని. ఒక్కసారి, ఒకే ఒక్కసారి దారం విప్పి ఉంటే, నూనెలో తడిసి అక్షరాలు ఇంకా నల్లగా తేలిన ఆ జాబితా నా కళ్లపడేది. పరిగెత్తుకెళ్లి మిగతా కాగితాలన్నీ వెనక్కి తెచ్చుకునేదాన్ని. విప్పలేదు. ముట్టుకోవడమే చాలనుకున్నాను.

అయిదో నెల ఆవిడ రాలేదు. ఆరో నెలా రాలేదు. ఆ నెల్లోనే ఒకరోజు హెడ్ గుమాస్తా గారు జిడ్డోడుతున్న కాగితం ఒకటి చివర్లు పట్టుకుని తెచ్చి నా కీబోర్డు మీద పెట్టారు. రాజోలు బస్టాండులో ఎవరో ఆయనకి తెలిసినాయన ఇచ్చాడట.

"మీ తాళం బ్రహ్మాండంగా ఉందండి. ఎవరూ తియ్యలేకపోయేరు" అన్నారు.

కాగితం పైన మా ఆసుపత్రి పేరు. కింద రెండు వరసలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. మూడో వరస స్పష్టంగా ఉంది. దిండి, ఆవిడ పేరు, వయసు. ఎవరో ఎర్రసిరాతో దాని కింద గీత గీశారు. పునుగులు తిని, చెయ్యి తుడుచుకుని, పెన్ను తీసి, తీరిగ్గా గీసిన గీత అది.

డాక్టరు గారు పిలిచి అడిగారు. అటెండరు నాకేసి చూశాడు. "చిత్తుకాగితాల్లో వెళ్లిపోయుంటదండి" అన్నాను. వాటంతట అవే కాళ్లొచ్చి వెళ్లిపోయినట్టు. ఆయన ఇంకేమీ అడగలేదు. కాగితాలన్నీ పెరట్లో కాల్చమన్నారు. హైదరాబాదు మొరటువాడు చెప్పిన పని అప్పుడు చేశాను.

ఆవిడ మందు రెండు నెలలు ఆగిపోయింది. ఆదివారం ప్రార్థన అయ్యాక బిళ్లలు సంచిలో వేసుకుని రాజోలు బస్సెక్కాను. అక్కడి నుంచి ఇంకో బస్సులో దిండి. రేవులో పంటు కోసం జనం ఉన్నారు. కొత్తగా ఇంకెవరో బండి పెట్టారు, దాని చుట్టూ మూగి తింటున్నారు. పక్కనే ఆవిడ పాక. బల్లలు తిరగేసి ఉన్నాయి. పొయ్యి మీద ఎండుతాటాకులు పేర్చి ఉన్నాయి. ఆవిడ గుమ్మంలో కూర్చుని ఉంది.

నన్ను చూసి గభాలున లేచింది. "అమ్మగారండి! ఇంత దూరం వచ్చేరా?" అని, బల్ల ఒకటి తిరగేసి కొంగుతో తుడిచి, తను దూరంగా వెళ్లి నిలబడింది. అంతకుముందు ఎప్పుడూ అలా దూరం నిలబడలేదు.

ఏం జరిగిందో తనే చెప్పింది.

"పంటు కోసం కూకున్న పెద్దాయనండి. తినేసి కాగితం సదువుకుంటన్నారు. ఉన్నట్టుండి లేచెళ్లి గోదాట్లోకి వంగి, గొంతులో ఏళ్లెట్టుకుని కక్కేరండి. పునుగుల్లో ఏదైనా పడిందేవోనని చెంబుతో నీళ్లట్టుకెళ్లేనండి నేను. 'అక్కడే ఉండు, దగ్గరికి రాకు' అన్నారు. ఆ తరవాత ఆ కాగితం రేవులో అందరికీ సదివి ఇనిపించేరండి. మా అత్తగారు కూడా అక్కడే ఉన్నారండి. అత్తోరు ఇప్పుడు ఆడబిడ్డ ఇంటికెళ్లిపోయేరు."

వింటుంటే ఆ పెద్దాయన మీద నాకు పుట్టిన అసహ్యం ఇంతా అంతా కాదు. కక్కాడట. నలుగురిలో, ఆవిడ ఎదురుగా. మనిషన్నవాడు చేసే పనేనా అది? ఛీ అనుకున్నాను. గట్టిగానే అన్నాను.

"కాగితాలు నేనే ఇచ్చాను కదమ్మా" అన్నాను, ఆఖరికి.

"అడిగింది నేనే కదండి. నాకు సదువు రాదు. మీకు గేపకం లేదు."

బిళ్లలు తీసి బల్ల మీద పెట్టాను. ఆపకూడదని చెప్పాను. "ఆయ్, అలాగేనండి" అంది. బిళ్లలు తీసుకెళ్లి చూరులో దోపింది. తరవాత నామోషీ పడుతున్నట్టు తల వంచుకుని చెప్పింది.

"మీరు పునుగులు తినరని నాకు తెలుసండి. రెండో నెల్లోనే తెలిసింది. ఎనకగేటు కాడ బస్సు కోసం నించుంటే గోడవతల కాకులు పీక్కుంటా కనపడ్డాయి. నా దారవేనండి, పసుప్పచ్చ దారం."

రెండో నెల్లో తెలిసి, ఆ తరవాత అన్ని నెలలూ తెచ్చింది.

"మరి ఎందుకు తెచ్చారమ్మా?"

"నోటీసు మీరే కొట్టేరంట కదండి, అటెండరు గారు సదివి చెప్పేరు. అంత బాగా రాసినోరు ఏదో ఓ రోజు తింటారనుకున్నాను."

బస్సు హారను వినపడింది. నేను లేచాను. ఆవిడ పొయ్యివైపు చూసి, చేతులు కొంగులో ముడుచుకుంది.

"అంత దూరం నించి వచ్చేరు. మీకేటీ పెట్టలేకపోతన్నానండి. ఇయ్యాళ పిండి లేదు, పొయ్యి ఎలిగించలేదు" అంది.

"పర్వాలేదమ్మా" అన్నాను. పైకి అన్నది అది. లోపల, అన్నిటికంటే ముందు, కాళ్లు ఇంకా కదలక ముందే, నాకు కలిగింది ఒకటే. హమ్మయ్య అనిపించింది. ఆ పెద్దాయన మీద అంత అసహ్యించుకున్నాను గాని, ఆయన కనీసం ఒకసారి తిన్నాడు.